ఉలి పడకముందే తేల్చుకో, తల్లీ

అమ్మా,

కొత్త ఇంటి హాలు గోడకి కొయ్యతో ఒక శిల్పం చేయించుకోవాలని నువ్వూ అల్లుడుగారూ అనుకుంటున్నారని వినగానే నాకు చాలా సంతోషమైంది. గోడ ఖాళీగా కనిపిస్తే షాపుకి వెళ్లి తయారుగా ఉన్నదేదో తెచ్చి తగిలించేయడం తేలిక. అలా కాకుండా ఒక మనిషిని వెతికి, ఆయన చేత పని చేయించి, ఆ పని నీ పిల్లలు పెద్దవాళ్లయ్యాక కూడా ఇంట్లో ఉండాలని కోరుకున్నావు. మంచి కోరిక. "ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎంతవుతుంది పెదనాన్నా?" అని అడిగావు. రెండింటికీ జవాబు చెబుతాను. అయితే అవి రెండూ తర్వాతి ప్రశ్నలు తల్లీ. ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. వాటికి జవాబులు శిల్పి దగ్గర దొరకవు, నీ దగ్గరే ఉన్నాయి.

చేయించుకునేవాళ్ల వంతు ఒకటుంటుంది, చేసేవాళ్ల వంతు ఒకటుంటుంది. గోడ, కొలత, కథ, కర్ర, డబ్బు, గడువు నీ వంతు. గీత, లోతు, ముఖంలో కళ, ఏది ముందుకి రావాలో ఏది వెనక్కి పోవాలో ఆయన వంతు. నీ వంతు మొత్తం ఉలి పడకముందే తేల్చుకో. ఉలి పడ్డాక ఆయన్ని నమ్ము. కర్ర పని చేసేవాళ్ల మధ్య పెరిగినవాణ్ణి కనక చెబుతున్నాను, పాడైన పనుల్లో చాలావాటికి కారణం ఈ రెండూ తారుమారు కావడమే. మొదట ఏమీ తేల్చకుండా అడ్వాన్సు చేతిలో పెట్టేస్తారు. సగం పని అయ్యాక "ఇక్కడో నెమలి ఉంటే బాగుంటుందేమో" అంటారు. మట్టిబొమ్మకైతే ముద్ద అతికించొచ్చు. కొయ్యలో ఒకసారి తీసేసింది మళ్లీ రాదు.

మొదట గోడ సంగతి చూడు. ఆ గోడకి అవతల ఏముంది? బాత్రూమ్ ఉంటే ఆ గోడ వద్దు. ఎంత బాగా కట్టినా ఎప్పుడో ఒకప్పుడు చెమ్మ దిగుతుంది, ఆ చెమ్మని చెక్క వెనకనుంచి పీలుస్తుంది. వానజల్లు నేరుగా కొట్టే బయటి గోడా వద్దు. పడమటి కిటికీలోంచి సాయంత్రపు ఎండ సూటిగా పడే చోట రంగు వెలిసిపోతుంది, కర్ర ఎండి బీటలు తీస్తుంది. ఏసీ గాలి ముఖాన కొట్టే చోటా అంతే. ఇవన్నీ దాటి మిగిలిన గోడే నీ గోడ. హాల్లో అది చిన్నదే కావచ్చు, అలాగైతే శిల్పం కూడా చిన్నదే చేయించు. తగని గోడ మీద పెద్ద శిల్పం కన్నా తగిన గోడ మీద చిన్న శిల్పం ఎక్కువ కాలం బతుకుతుంది.

కొలత కాగితం మీద అంకెలు వేసి నిర్ణయించకు. చార్టు పేపర్లు అతికించి నువ్వనుకున్న కొలతకి కత్తిరించి, ఆ గోడకి అంటించి ఓ వారం అలాగే ఉంచు. పొద్దున కాఫీ తాగుతూ చూడు, రాత్రి లైట్లు వేసి చూడు, గుమ్మంలోంచి లోపలికి వస్తూ చూడు. సోఫాలో కూర్చున్నప్పుడు మెడ ఎత్తాల్సి వస్తే కిందికి దించు. మామూలుగా శిల్పం మధ్యభాగం నేలనుంచి దాదాపు 5 అడుగుల ఎత్తులో ఉంటే నిలబడిన మనిషి కంటికి సరిపోతుంది. ఎక్కువగా కూర్చుని చూసే చోటైతే ఇంకాస్త కిందికి ఉండొచ్చు. వారం తిరిగేసరికి పెంచాలో తగ్గించాలో నీకే తెలిసిపోతుంది.

వెలుతురు గురించి ఇప్పుడే ఆలోచించు. గోడశిల్పం కనపడేది నీడల వల్ల. ఎదురుగా పెద్ద లైటు వేస్తే లోతులన్నీ చదునైపోయి, అంత కష్టపడి చెక్కిన పని అచ్చు వేసిన బొమ్మలా కనిపిస్తుంది. వెలుతురు పక్కనుంచో పైనుంచో ఏటవాలుగా జారాలి. రామప్ప గుడికి ఈసారి వెళ్లినప్పుడు పొద్దున్నే ఓసారి, మధ్యాహ్నం ఓసారి అవే మదనికల్ని చూడు, ఎండ కోణం మారితే శిల్పం ఎంత మారుతుందో కళ్లారా తెలుస్తుంది. మీ ఇంట్లో ఫాల్స్ సీలింగ్ పని ఇంకా పూర్తి కాలేదన్నావు కనక, ఆ గోడకి రెండడుగుల దూరంలో సీలింగులో ఒక చిన్న స్పాట్ లైటుకి వైరు ఇప్పుడే లాగించి పెట్టుకో. తర్వాత పగలగొట్టడం ఎందుకు?

బరువు సంగతి చాలామందికి తట్టదు. లెక్క చెబుతాను చూడు. 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 3 అంగుళాల మందం ఉన్న పలక అంటే 3 ఘనపుటడుగుల కర్ర. ఎండిన టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు తూగుతుంది. అంటే చెక్కకముందు 55 కిలోలు. చెక్కడంలో మూడోవంతు పోయినా 35 కిలోలకి పైనే గోడకి వేలాడుతుంది. మీ అపార్టుమెంటు గోడలు మామూలు ఇటుకా, తేలికపాటి ఏఏసీ బ్లాకులా అని బిల్డర్ని అడుగు. ఇప్పటి కట్టడాల్లో ఎక్కువగా ఆ బ్లాకులే వాడుతున్నారు. వాటిలో మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు కొట్టి ఇంత బరువు వేలాడదీస్తే ఊడివస్తుంది. ఆ బ్లాకులకే తయారుచేసిన పొడవాటి యాంకర్లు వేరే ఉంటాయి, అవే వేయించు. వేలాడదీసే పద్ధతి కూడా శిల్పితో ముందే మాట్లాడు. 45 డిగ్రీల వాలుగా కోసిన రెండు పట్టీల్లో ఒకటి గోడకి, ఒకటి శిల్పం వెనక బిగిస్తే ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. బరువు పట్టీ పొడవునా సర్దుకుంటుంది. వెనక కొంచెం ఖాళీ ఉండి గాలి ఆడుతుంది. కావాలన్నప్పుడు ఇద్దరు మనుషులు పట్టి దించుకోవచ్చు.

ఇక కథ. ఏం చెక్కించాలన్నది నీ ఇష్టం, కానీ "ఏదైనా ట్రెడిషనల్‌గా" అని మాత్రం అనకు. అలా అంటే ఆయన చేతికి అలవాటైన బొమ్మే వస్తుంది, అది ఇంకో పదిళ్లలో ఇప్పటికే ఉంటుంది. మీ అమ్మ చిన్నప్పుడు నీకు పోతన భాగవతంలోని గజేంద్రమోక్షం చెప్పేది కదా, అదే చేయించాలని ఉందన్నావు. గోడశిల్పానికి అంతకన్నా తగిన కథ లేదు. కింద సరస్సు, తామరలు, నీళ్లలో ఏనుగు. పైన గరుడుడి మీద దిగివస్తున్న స్వామి. పైకీ కిందకీ మధ్య ఒక పిలుపు. నిలువు పలకకి కొలిచినట్టు సరిపోతుంది. అయితే ఏ క్షణం చెక్కించాలో తేల్చుకో. ఏనుగు బలమంతా అయిపోయి తొండం ఎత్తి పిలిచిన క్షణమా? లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా స్వామి ఉన్నవాడు ఉన్నట్టుగా పరుగున బయలుదేరిన క్షణమా? చక్రం మొసలిని తాకిన క్షణమా? మూడూ ఒకే కథ, కానీ ఒకటి ఆర్తి, ఒకటి కరుణ, ఒకటి విడుదల. మీ ఇంట్లో పొద్దున్నే లేవగానే వీటిలో ఏది చూడాలనుంది? అది నువ్వు చెప్పాలి. ఎలా చూపించాలో ఆయన చెబుతాడు.

ఈ కథని పాతవాళ్లు ఎలా చూపించారో ఒకసారి చూసి రా. ఉత్తరప్రదేశ్‌లోని దేవగఢ్ దశావతార దేవాలయం గోడమీద గుప్తుల కాలపు గజేంద్రమోక్షం ఉంది. అక్కడ ఏనుగుని పట్టినది నాగరూపంలో ఉంటుంది. ఆ శిల్పులు యుద్ధాన్ని వదిలేసి విడుదలని పట్టుకున్నారు. మనవాళ్ల పని చూడాలంటే చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాల దగ్గర నిలబడు. గుండ్రటి పతకంలో చెక్కిన నలగిరి ఏనుగు కథ ఉంది. మదమెక్కి వీధిలో జనాన్ని తొక్కుతున్న ఏనుగూ, బుద్ధుడి ముందు మోకరిల్లిన అదే ఏనుగూ ఒకే వలయంలో పక్కపక్కనే కనిపిస్తాయి. మేడల మీదనుంచి జనం తొంగిచూస్తుంటారు. ఇరుకు జాగాలో అంత కథ, అంత గుంపు, అయినా కన్ను ఎక్కడా తడబడదు. అది చూశాక నువ్వు శిల్పితో మాట్లాడే మాట మారుతుంది. "ఇంకా బొమ్మలు పెట్టండి" అనవు. "ఏది తీసేయొచ్చు?" అని అడుగుతావు.

ఫోన్‌లో దాచుకున్న ఫొటోలు రెండో మూడో చూపించు, తప్పులేదు. నీకు ఎలాంటి లోతు నచ్చుతుందో, ఎంత అలంకారం ఇష్టమో ఆయనకి తెలుస్తుంది. కానీ "అచ్చం ఇలాగే చెయ్యండి" అనొద్దు. అది ఇంకొకరి చేతి పని. దాన్ని దింపించడం చేసినవాళ్లకీ అన్యాయమే, నువ్వు పిలిచిన మనిషికీ చిన్నతనమే.

దేవుడి బొమ్మ అయితే రెండు మాటలు అదనంగా చెప్పాలి. మీ అత్తగారిని ఒకసారి అడుగు. గోడమీద దేవుణ్ణి పెడితే రోజూ పూజ ఉండాలా, ఏ గదిలో పెట్టొచ్చు, ఏ దిక్కుకి ముఖం ఉండాలి అన్న పట్టింపులు ఇంటింటికీ వేరు. తర్వాత నొచ్చుకోవడం కన్నా ముందు అడగడం మర్యాద. చెప్పుల స్టాండు పైన, బాత్రూమ్ తలుపు పక్కన మాత్రం వద్దేవద్దు. రెండోది, స్వామి చేతుల్లో ఏ ఆయుధం ఎటు ఉండాలి, ముఖం పొడవుకి ఒళ్లు ఎన్ని రెట్లు ఉండాలి అన్నవాటికి శిల్పశాస్త్రంలో తాళమానం ఉంది. నవతాళంలో ముఖం పొడవుకి తొమ్మిది రెట్లు నిలువెత్తు. ఇది నేర్చుకున్న మనిషి చేతిలో ఉన్న విద్య. అందులో వేలు పెట్టకు.

కర్ర గురించి చెప్పకుండా ఉండలేను. టేకు అందరికీ తెలిసిందే. ఒంట్లో నూనె ఉంటుంది, చెదలు తొందరగా పట్టవు, ఎండినా తడిసినా తక్కువగా కదులుతుంది. గోడశిల్పానికి నా మొదటి మాట అదే. కానీ టేకు అనగానే అంతా టేకు కాదు. చెట్టు మధ్యలో బంగారు గోధుమరంగులో ఉండేది చేవ. అంచున పాలిపోయినట్టు తెల్లగా ఉండే భాగంలో పిండిపదార్థం ఎక్కువ, పుచ్చు పురుగుకి అదే తిండి. చేవ ఉన్న పలకలే వాడతామని కాగితం మీద రాయించుకో. వేప కూడా మంచిదే. పురుగుకి లొంగదు. పూరీ జగన్నాథుడి మూర్తులు వేపతోనే చేస్తారు, 2015లో జరిగిన నవకళేబరంలో కూడా వేపే. పనసకర్ర బొబ్బిలి వీణలకి పేరు తెచ్చింది, లేత పసుపు మీద మొదలై ఏళ్లు గడిచేకొద్దీ ముదురుతుంది. రోజ్‌వుడ్ అని పిలిచే జిట్రేగి నల్లటి చారలతో అందంగా ఉంటుంది కానీ బరువెక్కువ, ఖరీదెక్కువ. మామిడి చవక. దానికి సరిగ్గా మందు పట్టించకపోతే పురుగు వదలదు.

ఎర్రచందనం మాట ఎవరైనా ఎత్తితే జాగ్రత్త. అది మన శేషాచలం కొండల బిడ్డ. ప్రపంచంలో సహజంగా పెరిగేదే ఈ చుట్టుపక్కల కొండల్లో. అందుకే దాని మీద అంత దొంగచూపు, అంత కాపలా. అటవీశాఖ అనుమతితో వచ్చిన కర్ర అయితే దానికి కాగితాలుంటాయి. కాగితాలు చూపించలేనిది ఎంత చవకగా వచ్చినా వద్దు. అడవిలో చెట్టు పోయి మన గోడకి దేవుడొస్తే ఆ దేవుడు సంతోషించడు. ఏ కర్రయినా సరే, ఎక్కడ కొన్నారో బిల్లు అడుగు. నిజాయితీగా కొన్న మనిషి ఆ మాటకి నొచ్చుకోడు.

అన్నిటికన్నా ముఖ్యం, కర్ర ఎండి ఉండాలి. పచ్చికర్రని చెక్కడం ఉలికి సుఖం. అందుకే తొందరలో ఉన్నవాళ్లు దాన్నే వాడతారు. ఇంటికొచ్చాక అది ఏసీ గదిలో ఎండుతూ ముడుచుకుంటుంది. ముడుచుకుంటే స్వామి ముఖం మీదుగా బీట వస్తుంది. తేమ కొలిచే చిన్న మీటరు ఇప్పుడు చాలా కార్ఖానాల్లో ఉంటోంది, 12 శాతం లోపు చూపిస్తే మీ హైదరాబాదు ఇంటికి సరిపోతుంది. గాలికి ఆరబెట్టిన కర్రయితే అంగుళం మందానికి దాదాపు ఏడాది పడుతుందని పాత లెక్క. బట్టీలో ఎండబెడితే వారాల్లో అవుతుంది. రెండూ మంచివే, కానీ ఏదో ఒకటి జరిగి ఉండాలి.

ఎండిన కర్ర కూడా పూర్తిగా కదలకుండా ఉండదు తల్లీ. వానాకాలం మన తలుపులు బిగుసుకోవడం చూస్తున్నావు కదా. చెక్క పొడవులో పెరగదు, అడ్డంలో పెరుగుతుంది. మూడడుగుల పలక వానకీ ఎండకీ మధ్య కొన్ని మిల్లీమీటర్లు మారుతుంది. మన పాత మండువా ఇళ్ల తలుపులు చేసినవాళ్లకి ఇది బాగా తెలుసు. చట్రానికి గాడి తీసి, పలకని ఆ గాడిలో వదులుగా కూర్చోబెట్టేవాళ్లు, మేకు కొట్టేవాళ్లు కాదు. శిల్పం విషయంలోనూ అంతే. మూడడుగుల వెడల్పు ఒకే పలకలో దొరకడం కష్టం, నాలుగైదు పలకలు అంచుకి అంచు కలిపి అతికిస్తారు. అది మోసం కాదు, సరైన పద్ధతే. అయితే అతుకు ముఖం మధ్యలోకి రాకుండా, బట్టల మడతల్లోనో తామరాకుల అంచుల్లోనో పడేట్టు ముందే చూసుకోమను. వెనక అడ్డంగా బిగించే పట్టీల స్క్రూ రంధ్రాలు కొంచెం పొడవుగా, కర్ర కదలడానికి వీలుగా ఉండాలి. ఈ రెండు ప్రశ్నలు నువ్వు అడిగితే చాలు. ఎదుటి మనిషికి పని తెలుసో లేదో ఆయన జవాబులోనే బయటపడుతుంది.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న, ఎవరి దగ్గరికి వెళ్లాలి? మన దగ్గర కొయ్యపని చేసే ఊళ్లు చాలా ఉన్నాయి. ఒక్కో ఊరి చేతికి ఒక్కో పని. ఏటికొప్పాకలో అంకుడు కర్రని లేత్ మీద తిప్పి లక్కరంగు పడతారు. కొండపల్లిలో తేలికైన పొణికి కర్రని ముక్కలుగా చెక్కి, రంపపు పొట్టు కలిపిన చింతగింజల పిండితో అతికించి రంగులు వేస్తారు. నిర్మల్ వాళ్ల పేరు రంగులకి, మెరుగుకి. ఉదయగిరిలో చెంచాలు, గరిటెలు. ఈ ఊళ్ల పనులన్నీ నాకు ఇష్టమే, మీ ఇంట్లో ఉండాల్సినవే. కానీ లోతుగా చెక్కిన పెద్ద గోడశిల్పం వాళ్ల పని కాదు. దానికి తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలోని మాధవమాలకి వెళ్లు. దేవతామూర్తులు, మందిరాలు, పలకశిల్పాలు చెక్కే కుటుంబాలు ఆ ఊళ్లో ఉన్నాయి. తిరుపతిలో టీటీడీ నడిపే శిల్ప కళాశాలలో కొయ్య చెక్కడం నేర్పుతారు, అక్కడ చదువుకుని సొంతంగా పని చేసుకుంటున్న యువకులూ ఉంటారు. గుళ్లకి రథాలు, వాహనాలు చేసే మేస్త్రీలు ఏ జిల్లాలోనైనా ఉంటారు. మీ ఊరి గుడి రథం ఎవరు చేశారో అడిగి చూడు, ఒక్కోసారి గొప్ప చెయ్యి అక్కడే దొరుకుతుంది.

ఈ విద్య చాలా పాతదమ్మా. ఏలూరు జిల్లా గుంటుపల్లి కొండమీద బౌద్ధులు తొలిచిన గుండ్రటి చైత్యగుహ ఉంది. లోపలికి వెళ్లి పైకి చూస్తే రాతిలో వాసాలు కనిపిస్తాయి. రాతి కప్పుకి వాసాలు అక్కర్లేదు. కొయ్య ఇళ్లు కట్టిన చేతులకి అలవాటైన రూపాన్నే రాతిలోనూ తొలిచారు. కొయ్య చివికిపోయింది, రాయి మిగిలింది. ఆ కొయ్యవాళ్ల పనితనం ఇంకా ఎవరి చేతుల్లోనో ఉంది. నువ్వు ఇచ్చే ఒక పని ఆ చేతుల్ని ఇంకో ఆరు నెలలు ఇదే విద్యలో నిలబెడుతుంది. ఆ శిల్పి కొడుకు కూడా పక్కన కూర్చుని ఉలి పడతాడు. నీ డబ్బు చేసే మేలు మీ హాలు గోడ దగ్గర ఆగదు.

ఎవరి దగ్గరికి వెళ్లినా కార్ఖానాకి వెళ్లి కూర్చో. షోరూమ్‌లో పూర్తయిన బొమ్మల కన్నా, సగంలో ఉన్న పనులు చూడు. చేతివేళ్లు, కళ్లు, చెవి వెనక భాగం, బట్ట అంచులు ఎలా తీస్తున్నారో గమనించు. ఇప్పుడు సీఎన్‌సీ యంత్రాలతో కోసిన పలకల్ని కూడా చేతిపని అని అమ్ముతున్నారు. గుర్తుపట్టడం కష్టం కాదు. యంత్రం మొన గుండ్రంగా తిరుగుతుంది కనక లోపలి మూలలు గుండ్రంగా మిగులుతాయి. పైనుంచి కిందికే కోస్తుంది కనక చెవి వెనక, తొండం కింద తొలిచిన ఖాళీ ఉండదు. కుడివైపు ఆకూ ఎడమవైపు ఆకూ అద్దంలో చూసినట్టు ఒకేలా ఉంటాయి. చేత్తో చెక్కినదాంట్లో మూలలు పదునుగా దిగుతాయి, కింద నీడ ఉంటుంది, ఏ రెండు తామరలూ ఒకటి కావు. కొందరు మంచి శిల్పులు కూడా ముతక పని యంత్రంతో తీయించి తర్వాత ఉలి పడతారు, అందులో తప్పులేదు. అది దాచకుండా ముందే చెప్పాలి, ధరలో కనిపించాలి. అదొక్కటే అడుగు.

రెండో ప్రశ్న, ఎంతవుతుంది? నేనిక్కడ కూర్చుని అంకె చెబితే అది అబద్ధం అవుతుంది. చదరపు అడుగుకి ఇంత అని చెప్పే ధరల్ని ఒకదానితో ఒకటి పోల్చకు. ఒక అంగుళం లోతు పనికీ మూడంగుళాల లోతు పనికీ కూలి ఒకటి కాదు. ఒక ఏనుగున్న పలకకీ, పన్నెండు బొమ్మలున్న పలకకీ పోలిక లేదు. కర్ర ఖర్చు వేరుగా, చెక్కే కూలి వేరుగా, పాలిష్ వేరుగా, రవాణా, బిగింపు వేరుగా చెప్పించుకో. అప్పుడు నీ చేతిలో ఉన్న డబ్బుకి ఏది సరిపోతుందో కనిపిస్తుంది. సరిపోకపోతే కొలత తగ్గించు, బొమ్మలు తగ్గించు. కూలి మాత్రం బేరమాడకు. కూలిలో తగ్గించిన ప్రతి రూపాయీ ఏదో ఒక వేలి దగ్గర, ఏదో ఒక కంటి దగ్గర కనబడుతుంది.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. కొలతలు, కర్ర పేరు, మందం, ఏ కథ, పాలిష్ ఏది, గడువు, ఎవరు తీసుకొస్తారు, దారిలో విరిగితే ఎవరిది భారం, ఇవన్నీ అందులో ఉండాలి. స్టాంపు పేపరు అక్కర్లేదు, ఇద్దరి సంతకాలు చాలు. అది అనుమానం కాదు, ఆరు నెలల తర్వాత ఇద్దరూ ఒకేలా గుర్తుంచుకోవడానికి. డబ్బు విడతలుగా ఇవ్వు. కర్ర కొనడానికి మొదటి విడత, ముతక చెక్కడం అయ్యాక రెండో విడత, గోడకి ఎక్కాక మిగిలింది. ప్రతి విడతా చెప్పిన రోజునే చేరాలి. ఆయన ఇల్లు ఆ డబ్బు మీదే నడుస్తుంది.

పని జరుగుతుండగా మూడుసార్లు వెళ్లు, రోజూ ఫోన్ చెయ్యకు. మొదటిసారి, పూర్తి కొలతలో బొమ్మ గీసినప్పుడు. నీ మనసులో ఉన్న మార్పులన్నీ అప్పుడే చెప్పు. పెన్సిలు గీత చెరిపేయొచ్చు. రెండోసారి, ముతకగా చెక్కి లోతులు తేలినప్పుడు. అప్పుడు చిన్న చిన్న మాటలు మాత్రమే. మూడోసారి, పాలిష్‌కి ముందు. వెలుతురు పక్కనుంచి పడేట్టు నిలబెట్టి చూడు, రంపపు గీతలు, గరుకు ఎక్కడైనా మిగిలితే కనిపిస్తాయి. గుడి పనులు, పండగలు వచ్చినప్పుడు ఆలస్యమవుతుంది. వానాకాలంలో లక్క పాలిష్ వేస్తే తెల్లగా పాలిపోతుంది కనక మంచి శిల్పి ఎండ కోసం ఆగుతాడు. ఆగనివ్వు. గృహప్రవేశం ముహూర్తానికి దీన్ని ముడిపెట్టొద్దని అల్లుడుగారితో కూడా చెప్పు. ముహూర్తం ఇంటికి, శిల్పానికి కాదు.

పాలిష్ విషయంలో అద్దంలా మెరిసేది వద్దు. మెరుపు నీడల్ని తినేస్తుంది. పలచటి నూనె పూత మీద తేనెమైనం రుద్దితే చెక్క చెక్కలాగే కనిపిస్తుంది. ఏడాదికోసారి మళ్లీ రుద్దుకోవచ్చు. ఆ పూతకి అవిసెనూనె వాడితే, దానితో తడిసిన గుడ్డల్ని మాత్రం ఉండలా చుట్టి మూల పడేయొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరేసి, ఆ తర్వాతే బయట పడేయాలి. దుమ్ము దులపడానికి మెత్తటి బ్రష్షు చాలు. తడిగుడ్డ, ఇంట్లో వాడే క్లీనింగ్ ద్రావణాలు దాని దగ్గరికి రానివ్వకు. కింద నేల మీద పిండిలాంటి పొడి కనిపిస్తే పురుగు పడిందని అర్థం. ఆలస్యం చేయకుండా శిల్పికి ఫోన్ చెయ్యి.

డాలస్‌లో ఉన్న నీ తమ్ముడు కూడా ఒకటి చేయించి పంపమని అడిగాడట. వాడికి టేకు అయితే దారి సులువు. ఎర్రచందనం, జిట్రేగి రెండూ సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్నాయి, వాటికి నిబంధనలు వేరు. టేకు ఆ జాబితాలో లేదు. ప్యాక్ చేసే కొయ్యపెట్టెకి కూడా నియమం ఉంది. లోపలిదాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు పట్టించడం లాంటి ఆమోదించిన పద్ధతిలో శుద్ధి చేసి ముద్ర వేసిన కర్రే విదేశాలకి వెళ్లాలి. చలికాలంలో హీటర్లు వేసే ఇళ్లలో గాలి బాగా పొడిబారుతుంది, అందుకే వాడి కర్ర ఇంకాస్త ఎక్కువ ఎండాలని శిల్పికి ముందే చెప్పమను.

చివరిగా ఒక మాట. ద్వారబంధం నిలబెట్టే రోజున వడ్రంగికి బట్టలు పెట్టి, తాంబూలం ఇచ్చి పంపడం మన ఇళ్లలో పద్ధతి. శిల్పం గోడకెక్కిన రోజున ఆ శిల్పినీ ఆయన ఇంటావిణ్ణీ మీ ఇంటికి పిలిచి భోజనం పెట్టి, బట్టలు పెట్టండి. వెనకవైపు ఆయన పేరు, ఊరు, సంవత్సరం ఆయన చేతే చెక్కించు. అది ఒప్పందంలో లేకపోయినా మీరు అడగాలి. పని తెలిసిన మనిషికి డబ్బు ఎంత ముఖ్యమో, తన పేరు నిలబడటం అంతే ముఖ్యం. ఎవరైనా వచ్చి "ఎక్కడ కొన్నారు?" అని అడిగినప్పుడు ఆయన పేరు చెప్పండి, ఫోన్ నంబరు ఇవ్వండి. ఆయనకి ఇంకో పని దొరకడం మీ శిల్పానికి మీరు చేసే గౌరవమే.

ఈ ఆదివారం ఇద్దరూ కలిసి టేపు తీసి గోడ కొలవండి. అవతలివైపు ఏముందో చూడండి, చార్టు పేపరు అంటించండి. గజేంద్రుడి కథలో ఏ క్షణం కావాలో మీ ఇద్దరికీ ఒకటే అయ్యేదాకా మాట్లాడుకోండి. అప్పుడు నాకు ఫోన్ చెయ్యి. మాధవమాలకి నేనూ వస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న